అడుగుకి రెండు నూలు

మా వీధి గుమ్మం సైజు తప్పని గత వారం ఒకతను తేల్చి చెప్పాడు.

దోమల బాధ పడలేక జాలీ తలుపు పెట్టించుకుందామని అతన్ని పిలిచాం. ఖుర్సీపార్ బజారులో రెడీమేడ్ తలుపుల దుకాణం అతనిది. ఇక్కడే పుట్టిన తెలుగువాడు. మాట తెలుగులో మొదలుపెట్టి హిందీలో ముగిస్తాడు. కొలతలు తీసుకోకుండానే తలుపు రిక్షాలో వేయించుకుని వచ్చేశాడు. వీధిలో గుమ్మాలన్నీ ఒకటే సైజు, కొలవడం దేనికని అతని ధీమా. నిలబెట్టి చూస్తే పైన సందు, పక్కన సందు. టేపు తీసి కొలిచాడు. నమ్మకం కుదరక మళ్ళీ కొలిచాడు.

"అంకుల్, మీ చౌఖట్ గలత్ ఉంది. ఏడు బై మూడున్నర ఉండాల కదా, ఎక్కువొచ్చింది. ఎవరు చేసారు? కొత్త మిస్త్రీయా?"

వంటింట్లోంచి మా ఆవిడ నవ్వు వినబడింది.

"టెన్షన్ లేదంకుల్. చౌఖట్‌కి లోపలేపు పట్టీ కొట్టేస్తా, సైజుకొచ్చేస్తాది. దో మినిట్ కా కామ్."

"మేకు కొట్టకు," అన్నాను. "రేపు రా, మాట్లాడదాం."

అతను వెళ్ళాక గుమ్మం పక్కన అరుగు మీద కూర్చున్నాను. గుమ్మం చేసినాయన పోయిన చలికాలంలో పోయాడు. ఆ రోజు చావింట్లో జనం మధ్య నిలబడ్డప్పుడు నాకు ఏదీ సరిగా గుర్తు రాలేదు. ఇప్పుడు, సైజు తప్పన్నాక, ఆయన మొత్తంగా వచ్చి నా ఎదురుగా నిలబడ్డాడు. అదీ ఎలాగంటే, "తప్పన్నోడు ఎవుడు? ముందు ఆడి కొలబద్ద సూపించమను," అంటూ.

ఆ మాట ఆయన ఊతపదం. ఆసుపత్రిలో బరువెక్కువన్నా, కొడుకు జీతం తక్కువని ఎవరన్నా, రేడియోలో ఎండ ఎక్కువన్నా అదే మాట. ముందు ఆడి కొలబద్ద సూపించమను.

ఆయన ఉక్కు ప్లాంటులో పేటర్న్ షాపు మనిషి. పోతపోసి చేసే ఇనుప సామాను దేనికైనా ముందు చెక్కతో అచ్చు చేస్తారు. అచ్చుని ఇసుకలో ఒత్తి పైకి తీస్తే దాని ఆకారంలో ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీలో కరిగిన ఉక్కు పోస్తారు. ఉక్కు చల్లారేటప్పుడు కుంచించుకుపోతుంది కనక అచ్చుని ముందే కాస్త పెద్దగా చెయ్యాలి. ఎంతంటే, అడుగుకి పావంగుళం. వడ్రంగి లెక్కలో రెండు నూలు. అంగుళాన్ని ఎనిమిది చేస్తే ఒక్కొక్కటి నూలు. ప్రతి కొలతకీ ఇది కలుపుకుంటూ కూర్చుంటే పని సాగదు. అందుకని పేటర్న్ వాళ్ళకి కొలబద్దే వేరుగా ఉంటుంది. దాని మీద అడుగు అని గీసి ఉన్నది నిజానికి అడుగూ పావంగుళం. లోపలి అంగుళాలన్నీ ఆ మేరకి సాగి ఉంటాయి.

ఆయన కొలబద్ద ఆయన సొంతం. ట్రైనింగ్ రోజుల్లో పసుపుపచ్చ చెక్క మీద తనే గీతలు గీసుకుని, రెండు చివర్లా రాగి రేకు తొడిగాడు. ఖాకీ గుడ్డలో చుట్టి చొక్కా లోపల పెట్టుకునేవాడు. నేను కలప డిపోలో ఘనపుటడుగులు కట్టేవాణ్ణి. బడిలో వచ్చిన లెక్క కాదు, దుంగల మధ్య తిరుగుతూ పట్టుబడ్డ లెక్క. వీధిలో అందరికీ లెక్కలాయన్ని. మొదటిసారి ఆ కొలబద్ద నా చేతికిచ్చినప్పుడు నా స్కేలు పక్కన పెట్టి చూసి, "ఇది అబద్ధం చెబుతోంది కదయ్యా," అన్నాను.

"అబద్దం కాదు బావా. నీది ఈయాల్టి మాట సెప్తాది. నాది రేపటి మాట ఈయాలే సెప్పీస్తాది."

బావా అనడానికి మా మధ్య చుట్టరికం ఏమీ లేదు. మా ఆవిడదీ ఆయనదీ విజయనగరం వైపు పక్కపక్క ఊళ్ళు. ఆవిడ అన్నయ్యా అంది, నేను బావనయ్యాను. ఆ హక్కుతో నన్ను ఎన్నైనా అనేవాడు.

కొలబద్ద ఆయన చేతిలోనే కాదు, ఒంట్లో కూడా ఉండేదనిపిస్తుంది. టీ గ్లాసు అంచు దాకా పొయ్యాల్సిందే. "సల్లారితే తగ్గిపోద్ది, ఇంకాస్త పొయ్యి," అనేవాడు టీకొట్టువాడితో. దర్జీ దగ్గర చొక్కా ఒక సైజు వదులు చెప్పేవాడు, ఉతికితే తగ్గుతుందని. పిల్లలు పరీక్ష బాగా రాశామంటే ఎంతొస్తాయని అడిగి, వాళ్ళు చెప్పినదాంట్లోంచి కొంత తీసేసి, "సల్లారేక అంత," అని నవ్వేవాడు.

ఇంకో అలవాటు బొటనవేలిది. ఏ చెక్క కనబడ్డా దాని అంచు వెంట బొటనవేలు నడపాలి. పెళ్ళిలో భోజనాల బల్లకైనా సరే, బస్సులో ముందు సీటు కమ్మీకైనా సరే. అంచు పదునుగా ఉంటే మొహం చిట్లించి, "ఇసక ఏడుస్తాది," అనేవాడు. అచ్చు అంచులు పదునుగా ఉంటే ఇసుకలోంచి తీసేటప్పుడు ఇసుక చెదిరిపోతుందట. మనుషుల్ని కూడా అలాగే తూచేవాడు. ఎవరైనా పెళుసుగా మాట్లాడితే, "అంచు మెత్తన సెయ్యకుండా ఒగ్గీసారు ఈణ్ణి," అనేవాడు. తన అంచు సంగతి ఎవరూ ఆయనకి చెప్పలేదు. చెప్పినా లాభం లేదు, వాళ్ళ కొలబద్ద అడిగేవాడు.

రిటైరై ఉద్యోగం దిగిన నెలలో సెక్టర్ 7 క్వార్టరు వదిలి మా వెనక వీధిలో అద్దెకి దిగాడు. పనిముట్లన్నీ స్టోరులో అప్పజెప్పాడు. స్టోరు మనిషి కొలబద్ద విప్పి చూసి, ఇది మాది కాదని తిరిగి ఇచ్చాడట. ఆ సాయంత్రం మేం అప్పుడుంటున్న ఇంట్లో కూర్చుని ఎప్పుడూ లేనంత నెమ్మదిగా మాట్లాడాడు.

"బావా, సర్వీసంతా సెక్క పనే సేసాను గదా. నాను సేసిన సెక్క ఎక్కడుందో సెప్పు."

"ప్లాంటు నిండా ఉంటుంది."

"నేదు. ఉన్నదంతా ఇనుము. నా సెక్కని ఇసకలో ఒత్తీసి పైకి లాగీసి మూల పడేసినారు. పాతబడితే పొయ్యిలోకి. నాను సేసింది సేసినట్టు ఎక్కడా నిలబడనేదు." గ్లాసు కింద పెట్టాడు. "నువ్వు ఇల్లు కడతన్నావు గదా. గుమ్మం నాను సేస్తాను. ఒక్క సెక్కన్నా సెక్కగా నిలబడాల."

నేను సరేనన్నాను. మా స్థలంలో పునాది అప్పటికి పైకి లేచింది. డిపోలో నేను ఏరి పెట్టుకున్న సాల చెక్క ఆరి సిద్ధంగా ఉంది. కావలసినవి ఆయనకి పనిముట్లు. అప్పుడే సివిక్ సెంటర్ దగ్గర మైదానంలో చెక్కపని ప్రదర్శన పెట్టారు.

ఆదివారం ఉదయాన్నే సైకిళ్ళ మీద బయల్దేరాం. ఆయన ఇస్త్రీ బట్టలు వేసి, కింద ప్లాంటు బూట్లు తొడిగాడు. వేళ్ళ దగ్గర ఇనుప టోపీ ఉండే బరువు బూట్లు అవి. "ఎగ్జిబిషన్‌కి బూట్లెందుకయ్యా," అంటే, "సెక్క ఉన్నకాడికి ఉత్త కాళ్ళతో ఎల్తారేటి?" అన్నాడు.

మైదానం నిండా రంపపు పొట్టు వాసన. ఒకవైపు నాగపూర్ వాళ్ళ ప్లైవుడ్, సన్‌మైకా స్టాళ్ళు. ఇంకోవైపు బస్తర్ టేకుతో చేసిన మంచాలు. మధ్యలో కరెంటు మీద నడిచే చిత్రిక యంత్రం. ఆ చివర బల్ల పెడితే ఈ చివర నున్నగా వచ్చేస్తోంది. జనం దాని చుట్టూ మూగి ఉన్నారు. నేను ఆయన ఆ యంత్రాన్ని తిడతాడనుకున్నాను. తిట్టలేదు. జనాన్ని తోసుకుని ముందుకెళ్ళి, వచ్చిన బల్ల మీద బొటనవేలు నడిపి, "బంగారం," అన్నాడు. "మా షాపులో దీని తాత ఉన్నాది." యంత్రాన్ని మరోసారి చూసి, నన్ను ఉలుల స్టాలు వైపు లాక్కుపోయాడు.

ఆ స్టాలు జలంధర్ ఆయనది. ఉలులు వరసగా పేర్చి ఉన్నాయి. మా పేటర్న్ మనిషి జేబులోంచి అగ్గిపెట్టెంత చెక్కముక్క తీశాడు. ఉలి తీసుకుని ఆ ముక్క చివర కోసి చూడబోతే స్టాలాయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"చాచా, ట్రయల్ నహీ. కొన్నాక కోసుకోండి."

"కోసినాక కొంటాను."

"ధార్ పోతుంది చాచా."

"ఒక్క కోతకి పోయీ పదునైతే నాకెందుకది, నీకెందుకది?"

హిందీలో మొదలైన గొడవలో ఈయన తెలుగు వచ్చి చేరింది. ఇద్దరికీ పూర్తిగా అర్థమైనట్టే ఉంది. చివరికి ఈయన స్టాలు ముందు నేల మీద చతికిలపడి, బూట్ల మధ్య చెక్కముక్క బిగించి, ఒక్కో ఉలితో ఒక్కో పొర తీయడం మొదలుపెట్టాడు. దారిన పోయేవాళ్ళు చుట్టూ తిరిగి వెళ్తున్నారు. నచ్చనిది వెనక్కిచ్చేటప్పుడు, "ఇది ఏడిపిస్తాది," అనేవాడు. నచ్చినవి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఒళ్ళో పోగు పెరిగేకొద్దీ స్టాలాయన మొహం విప్పారింది. ఆఖరికి తనే స్టూలు తెచ్చి వేశాడు. ఉలులు, చేతి చిత్రిక, పళ్ళ రంపం, మూలమట్టం, చెక్క సుత్తి, అన్నీ కుదిరాయి.

"చాచా, ఇంత తీసుకున్నారు. ఈ టేపు నా తరఫున ఫ్రీ," అని స్టాలాయన కొత్త ఇనుప టేపు ఒకటి పైన పెట్టాడు.

ఈయన దాన్ని తీసి పక్కన పెట్టేశాడు. "టేపు ఒద్దు. నాది నాకున్నాది." ఖాకీ గుడ్డ విప్పి కొలబద్ద చూపించాడు.

స్టాలాయనకి అనుమానమొచ్చి టేపు లాగి దాని పక్కన పెట్టాడు. అడుగు దగ్గర గీతలు కలవలేదు. "చాచా, మీ స్కేల్ గలత్ హై."

"గలత్ నీది," అన్నాడు ఈయన హిందీలో. "నీది చల్లారిపోయిన స్కేలు. నాది వేడిది."

స్టాలాయన నా వైపు చూశాడు, ఈయనకి మతి సరిగా ఉందా అన్నట్టు. నేను నవ్వాను. ఆ స్కేలు తరఫున తర్వాత నేనే సాక్ష్యం చెప్పాల్సి వస్తుందని అప్పుడు తెలీదు.

మేం మూట కట్టుకుంటుండగా ఆచారిగారు వచ్చారు. ఖుర్సీపార్‌లో తెలుగువాళ్ళ ఇళ్ళల్లో గుమ్మం నిలబెట్టేది ఆయనే. వంశపారంపర్యంగా వడ్రంగం. పొడుగాటి మనిషి, నుదుట విభూతి. వెంట ఇద్దరు మేనల్లుళ్ళు. చిత్రిక యంత్రం బేరం చేసి వస్తున్నారు.

"ఏటి బావూ, ఉద్యోగం దిగీసి ఉలి పట్టీసినావేటి?"

"పట్టీసాను. మీరు ఉలి దించీసి మోటారు పట్టీసారంట గదా."

మేనల్లుడొకడు నవ్వు ఆపుకున్నాడు. ఆచారిగారు ఆపుకోవలసిన అవసరం లేనట్టు శాంతంగా నిలబడ్డారు.

"లెక్కలాయన ఇంటికి గుమ్మం సేస్తన్నావని ఇన్నాను. నిజమేనేటి?"

"నిజమే."

"పీటలు సేసుకో, గూళ్ళు సేసుకో, ఎవురొద్దన్నారు. గుమ్మం పీట కాదు నాయనా. నిలబెట్టినోడికి ఇంటి ఇల్లాలు బొట్టు పెట్టి బట్టలు పెడతాది. అది పని కాదు, పద్దతి. మా ఇంట్లో పుట్టినోడు పుచ్చుకునీది. మీ తాతలేటి సేసీవోరు?"

అడగడం అందరి ముందూ అడిగారు. ఈయన మూట భుజానికెత్తుకున్నాడు.

"తాటిసెట్టు ఎక్కీవోరు. మా తాత సెట్టెక్కి బతికినాడు. నాను సెట్టు కోసి బతికినాను. రేపు గుమ్మంకాడ బట్టలు కూడా పుచ్చుకుంటాను. వొచ్చి సూడండి."

"పుచ్చుకుంటే బట్టలొస్తాయి. వడ్రంగం రాదు."

"రాదన్నోడు ఎవుడు? ఆడి కొలబద్ద సూపించమను."

ఇంటికి వచ్చే దారంతా ఆయన సైకిలు వెనక ఉలులు మూటలో చప్పుడు చేస్తూనే ఉన్నాయి.

గుమ్మం పని మా ఇంటి వెనక రేకుల కింద జరిగింది. కొలతలు నేను నోటితోనే చెప్పాను. ఎత్తు ఏడు, వెడల్పు మూడున్నర. ఆయన తలూపాడు. కాగితం మీద రాసుకోలేదు. సాల చెక్క మొండిది, ఉలికి లొంగదు. దాన్ని ఆయన తిట్టలేదు, ఒత్తిడి పెట్టలేదు. గడపకి లోపలి అంచులన్నీ బొటనవేలితో తడిమి తడిమి గుండ్రం చేశాడు. "నడిసీ వోళ్ళ కాలు ఏడవకూడదు," అన్నాడు. అంచు విషయంలో ఆయన మనిషికీ ఇసుకకీ తేడా చూపించలేదు.

ముహూర్తం దగ్గరపడ్డాక ఆచారిగారు ఒకరోజు మా ఇంటికొచ్చారు. పోట్లాటకి రాలేదు. ఇంటి ఆయం కట్టింది ఆయనే. గుమ్మం ఏ కొలతైతే ఇంటికి మంచిదో వాస్తు లెక్కన చెప్పింది కూడా ఆయనే. అది ఏడూ మూడున్నర.

"మాటకి మాట పెరిగిపోనాది," అన్నారు. "గుమ్మం ఆయనే సేసినాడు, సేసుకోనీ. నిలబెట్టీది నాను. అమ్మా, ఆయన నీకు అన్నయ్య వరస గదా. పుట్టింటోడని నువ్వు ఆయనకీ బట్టలు పెట్టు. ఇద్దరి పరువూ ఉంటాది."

మా ఆవిడకి అది నచ్చింది. నాకూ నచ్చింది. సాయంత్రం ఆయన వచ్చినప్పుడు ఆవిడే ఆ మాట చెప్పింది. ఆయన టీ గ్లాసు నోటి దాకా తీసుకెళ్ళి మళ్ళీ కింద పెట్టాడు.

"అమ్మీ, అన్నయ్యనని బట్టలు పెడితే ఏ పండక్కైనా పెట్టు, తీసుకుంటాను. ఆ రోజు నాను అన్నయ్యగా రాను. పనోడిగా వొస్తాను. పనోడికి పెట్టీ బట్టలే పెట్టు. నేకపోతే ఒగ్గీ."

"అంత పట్టింపేటి అన్నయ్యా? బట్టలు బట్టలేగా."

"మరి ఆచారిగారికెందుకో పట్టింపు?"

ఆయన టీ తాగకుండానే లేచి వెళ్ళాడు. చల్లారినా సరే టీ వదిలెయ్యడం ఆయన అలవాటు కాదు.

ముహూర్తం రోజు పొద్దున్నే గుమ్మానికి పసుపు రాసి, బొట్లు పెట్టి, మామిడాకులు కట్టాం. వీధిలోవాళ్ళు వచ్చారు. తాపీ మేస్త్రి గడప కింద నవధాన్యాలు పోసే చోటు సిద్ధం చేశాడు. ఈయన స్నానం చేసి, ఇస్త్రీ బట్టలతో, బూట్లు విప్పి వచ్చాడు. చెక్క ఉన్నచోట ఆ బూట్లు లేకుండా ఆయన్ని నేను చూడటం అదే మొదలు. ఆచారిగారు కూడా వచ్చారు. పిలవకపోతే ఆయనకి కోపం, పిలిస్తే ఈయనకి కోపం. మేం పిలిచాం.

నలుగురు పట్టుకుని గుమ్మం లేపారు. ఆచారిగారు, "ఆగండి, ఆయం సూసుకోనీండి," అని తన టేపు తీశారు. కింద నుంచి పైకి కొలిచారు. అడ్డంగా కొలిచారు. మళ్ళీ పైకి కొలిచారు.

"ఏడు కాదిది," అన్నారు. "ఏడూ, మీద అంగుళమ్ముప్పావు. అడ్డం కూడా పెరిగీసింది, నూలు తక్కువ అంగుళం."

నాకు వెంటనే తెలిసిపోయింది. ఏడడుగులకి, అడుగుకి రెండు నూలు చొప్పున, పధ్నాలుగు నూలు. అంగుళమ్ముప్పావు. మూడున్నరకి ఏడు నూలు. అంకె ఎక్కడా తేడా పోలేదు.

ఈయన చొక్కాలోంచి కొలబద్ద తీసి గుమ్మానికి ఆనించాడు. ఆయన గీతల ప్రకారం సరిగ్గా ఏడు. గీత మీద వేలు పెట్టి అలాగే ఉండిపోయాడు. ఆయన మొహంలో రంగు మారడం అందరూ చూశారు.

మేనల్లుడు మొదలుపెట్టాడు. "మావయ్యా, ఈ గుమ్మాన్ని ప్లాంటుకి పంపీండి, పోత పోసి చల్లార్చి ఇస్తారు. అప్పుడు సరిపోద్ది."

జనం పెద్దగా నవ్వారు. తాపీ మేస్త్రి కూడా నవ్వాడు. మా ఆవిడ నవ్వలేదు. పళ్ళెంలో బట్టల చాపు పట్టుకుని నిలబడి ఉంది.

ఆచారిగారు నవ్వలేదు. "దించీండి," అన్నారు. "కట్లు విప్పి, కాళ్ళు తగ్గించి, మళ్ళీ బిగించాల. మా షెడ్డుకి పంపీండి, మధ్యాన్నానికి అయిపోద్ది. సాయంత్రం ఇంకో మంచి గడియ ఉన్నాది."

మాట సాయానికే అన్నారు. కాని మా అందరికీ తెలుసు. షెడ్డుకి వెళ్ళి వచ్చిన గుమ్మం ఆచారిగారి గుమ్మమవుతుంది.

"కొయ్యను," అన్నాడు ఈయన.

"కొలత తప్పినాది బావూ."

"తప్పినాది. సెయ్యి అలవాటు. నానొప్పుకుంటాను." గుమ్మం పట్టుకున్న చెయ్యి తియ్యలేదు. "ఇన్నాళ్ళూ నాను సేసిందంతా సల్లారి తగ్గిపోనాది. ఇది సెక్క. ఇది సల్లారదు. ఇది తగ్గదు. నాను సేసింది నాను సేసినంతే ఉండీది ఇదొక్కటే. దీన్ని కొయ్యనివ్వను."

నవ్వులు ఆగిపోయాయి.

ఆచారిగారు నా వైపు తిరిగారు. "ఇల్లు నీది. నువ్వు లెక్కలోడివి. ఈ కొలతకి ఆయం కట్టి సూడు. ఎనిమిదితో భాగించు, మిగిలింది ఏటో నువ్వే సూసుకో. మంచిదైతే నానేటీ అనను."

ఆ లెక్క నాకు వచ్చు. ఆచారిగారి దగ్గరే చూసి పట్టుకున్నాను. కాగితం అక్కర్లేదు, నోటితో అయిపోయేది. శేషం ఒకటొస్తే మంచిది, రెండొస్తే చెడ్డది, అలా. జనమంతా నా నోటి వైపు చూస్తున్నారు. ఈయన మాత్రం చూడలేదు. గుమ్మం వైపే చూస్తున్నాడు.

"నేను కట్టను," అన్నాను.

"అదేటి?"

"ఏడని చెప్పాను, ఏడు చేశాడు. ఆయన ఏడు అది."

ఆ శేషం ఎంతో నాకు ఈ రోజుకీ తెలీదు. అంకె కనబడితే కలపకుండా వదలని నేను, ఆ రెండు అంకెల్ని మాత్రం ఇన్నేళ్ళుగా పక్కపక్కన పెట్టనివ్వలేదు.

మా ఆవిడ పళ్ళెం పట్టుకుని ముందుకొచ్చింది. ఆచారిగారిని దాటి వెళ్ళి ఈయన నుదుట బొట్టు పెట్టింది. బట్టల చాపు మీద తాంబూలం పెట్టి చేతులకందించింది. "మేస్త్రిగారూ, గుమ్మం నిలబెట్టండి," అంది.

అన్నయ్యా అనలేదు. ఆయన బట్టలు కళ్ళకద్దుకున్నాడు. అప్పుడు మటుకు ఎవరి కొలబద్దా అడగలేదు.

గుమ్మం లేచింది. తాపీ మేస్త్రి తూకం గుండు వదిలాడు. ఆచారిగారు వెళ్ళిపోతారనుకున్నాను. వెళ్ళలేదు. ఒక కన్ను మూసి దారం వెంట కింది దాకా చూశారు. "తూకం బాగుంది," అన్నారు. తాపీ మేస్త్రితో, "గోడ పై వరస ఓ అంగుళమ్ముప్పావు పెంచుకో, మిగతా గుమ్మాలతో కలపకు," అని, అక్షతలు వేసి వెళ్ళారు. ఆ తర్వాత ఎక్కడ గుమ్మం నిలబెట్టడానికి వెళ్ళినా, లెక్కలాయన ఇంటి గుమ్మం సంగతి చెప్పి నవ్వించేవారట. నవ్వించనీ. చెప్పేటప్పుడు వడ్రంగిగా ఈయన పేరే చెప్పాలి కదా.

ఖుర్సీపార్‌లో చాలా ఇళ్ళకి ఆ తర్వాత ఆయన పీటలు చేసిచ్చాడు. గుమ్మం కబురు పాకాక జనం వాటినీ కొలిచి చూసుకున్నారు. అన్నీ అడుగుకి రెండు నూలు ఎక్కువే. ఒక్కరూ వెనక్కివ్వలేదు.

ఆయనకి మటుకు ఆ గుమ్మం అలవాటైపోయింది. సాయంత్రం టీకి వచ్చినప్పుడల్లా లోపలికి వచ్చేముందు గడప అంచు వెంట బొటనవేలు నడిపేవాడు. ఏం చూస్తున్నావంటే, "తగ్గిందేమోనని," అనేవాడు. ఆసుపత్రిలో చేర్చే ముందు రోజు కూడా కొడుకు భుజం పట్టుకుని వచ్చి, వంగలేక, గుమ్మం నిలువు కమ్మీ మీద చెయ్యి పెట్టి వెళ్ళాడు. పోయాక ఆయన భార్య ఆ కొలబద్ద ఖాకీ గుడ్డతో సహా తెచ్చి మా ఆవిడ చేతిలో పెట్టింది. "మా ఇంట్లో దీంతో కొలిసీవోళ్ళు ఎవురూ నేరమ్మా," అంది.

నేను రమ్మన్నట్టే మర్నాడు జాలీ తలుపతను వచ్చాడు. చేతిలో సుత్తి, చెక్క పట్టీ, మేకుల పొట్లం ఉన్నాయి.

"పట్టీ కొట్టేద్దామా అంకుల్?"

"వద్దు. కొత్త తలుపు చెయ్యి. ఏడు, మూడున్నర."

"అదే కదంకుల్ నేను తెచ్చింది. సరిపోలేదు కదా."

నేను లోపలికెళ్ళి ఖాకీ గుడ్డ విప్పి కొలబద్ద తెచ్చి అతనికిచ్చాను. "దీంతో కొలిచి ఏడు చెయ్యి. మళ్ళీ జాగ్రత్తగా తెచ్చివ్వాలి."

అతను దాన్ని తిప్పి చూశాడు. తన టేపు లాగి పక్కన పెట్టాడు. నాకు తెలిసిన చోటే అతని వేలు ఆగింది.

"అంకుల్, ఈ స్కేలే గలత్ ఉంది."

"అదేం కాదు. చేసి తీసుకురా."

తల అడ్డంగా ఊపుతూ వెళ్ళాడు. రెండో రోజు తలుపు తెచ్చి నిలబెట్టాడు. పైన సందు లేదు, పక్కన సందు లేదు. అతను తలుపు తీసి, వేసి, మళ్ళీ తీసి చూశాడు. కొలబద్ద గుడ్డలో చుట్టాడు. నాకిచ్చే ముందు వంగి, ఎందుకో, గడప అంచు మీద వేలు పెట్టి చూశాడు.

"స్మూత్ ఉందంకుల్," అన్నాడు. "మిస్త్రీ ఎవరు?"